స్మిత్ ముందే చెప్పాడా?

జింబాబ్వే ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు ‘ఇయాన్ స్మిత్ ముందే చెప్పాడుగా’ అంటారు. నల్లవాళ్ల చేతికి అధికారం ఇస్తే దేశం నాశనమవుతుందని ఆ తెల్ల ప్రధాని అన్నాడు. 1980లో నల్లవాళ్ల ప్రభుత్వానికి ప్రధాని అయిన ముగాబే పాలనలో 2009 నాటికి 100 లక్షల కోట్ల డాలర్ల నోటు అచ్చేయాల్సి వచ్చింది. కాబట్టి స్మిత్ మాటే నిజమైందట. ఈ వాదన 1965 నుంచి 1979 వరకు జరిగినదాన్ని చూడకుండా దాటేస్తుంది.

జింబాబ్వేకు అప్పుడు రొడీషియా అని పేరు, అది బ్రిటిష్ వలస. అక్కడ తెల్లవాళ్లు సుమారు 2.2 లక్షలు, నల్లవాళ్లు 40 లక్షల పైచిలుకు. 1961 రాజ్యాంగం ప్రకారం పార్లమెంటులో 65 సీట్లు. అందులో 50 సీట్లకు ఓటరు జాబితాలో చేరాలంటే ఉండాల్సిన ఆస్తి, ఆదాయం, చదువు ఎక్కువమంది నల్లవాళ్లకు అందనివి. నత్తనడకే అయినా ఆ దారి ఎప్పటికో మెజారిటీ పాలనకు చేరేది. ఆ దారి మూసేయబోమని హామీ ఇస్తేనే స్వాతంత్ర్యమని బ్రిటన్ పట్టుబట్టింది. స్మిత్ ఆ హామీ ఇవ్వలేదు. 1965 నవంబర్ 11న తనంతట తానే స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పోరాడిన ఈ మనిషి, తిరుగుబాటు ప్రకటనను కూడా రాణికి జేజేలతోనే ముగించాడు!

ఏ దేశమూ గుర్తించలేదు. ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పెట్టింది. బ్రిటిష్ యుద్ధనౌకలు పోర్చుగీసు పాలనలోని మొజాంబిక్‌లో బెయిరా రేవు ముందు కాపలా కాస్తుంటే, చమురు వేరే దారుల్లో దక్షిణాఫ్రికా, మొజాంబిక్‌ల మీదుగా వస్తూనే ఉంది. ముందు గుమ్మానికి తాళం, దొడ్డిగుమ్మం బార్లా.

దేశం లోపల మాత్రం మాట్లాడగలిగిన నల్లజాతి నాయకుల్లో చాలామందిని స్మిత్ ప్రభుత్వం లోపల వేసింది. ఎన్కోమో, సిథోలే, ముగాబే పదేళ్ల పాటు నిర్బంధంలో ఉన్నారు. ముగాబే పసి కొడుకు ఘానాలో చనిపోతే అంత్యక్రియలకు కూడా పంపలేదు. సభలు, పార్టీలు, పత్రికలు అన్నీ మూతపడిన చోట ఇక మిగిలేది తుపాకీయే. 1972లో బ్రిటిష్ పియర్స్ కమిషన్ వచ్చి, స్మిత్ ఒప్పుకున్న షరతులు మీకు సమ్మతమేనా అని అడిగితే నల్లవాళ్లు కుండబద్దలు కొట్టినట్టు ‘కాదు’ అన్నారు. తమ నల్లవాళ్లు సుఖంగా ఉన్నారని చెప్పుకునే ప్రభుత్వానికి అది ఊహించని దెబ్బ.

ఆ తర్వాత పోర్చుగల్ పాలన కూలింది, మొజాంబిక్ సరిహద్దు గెరిల్లాలకు తెరుచుకుంది. 1976 మార్చిలో ‘వెయ్యేళ్లకైనా’ మెజారిటీ పాలన రాదన్న స్మిత్, అమెరికా విదేశాంగ మంత్రి కిసింజర్, దక్షిణాఫ్రికా ప్రధాని ఫోర్‌స్టర్ ఇద్దరూ మెడ మీద కూర్చునేసరికి అదే సెప్టెంబర్‌లో రెండేళ్లలో ఇస్తానన్నాడు. వెయ్యేళ్లు కాస్తా ఆరు నెలలయ్యాయి. 1978లో బిషప్ ముజొరేవా లాంటి మితవాదులతో ఒప్పందం చేసుకున్నాడు. అప్పుడు కూడా సైన్యం, పోలీసు, కోర్టులు తెల్లవాళ్ల గుప్పిట్లోనే. ఆ ఒప్పందం ముజొరేవాను ప్రధానిని చేసింది, జనం దృష్టిలో మాత్రం స్మిత్ మనిషిగా మిగిల్చింది. 1980 ఎన్నికల్లో ఆయన పార్టీకి 3 సీట్లు, ముగాబే పార్టీకి 57. పదేళ్ల ముందు చేయి కలిపి ఉంటే ఆ మితవాదులకు బలం ఉండేదేమో. అప్పుడు స్మిత్‌కు వాళ్లు అక్కర్లేదు.

ముగాబే చేసినవాటికి ముగాబేనే బాధ్యుడు. 1980లలో పశ్చిమాన ఉన్న మాటబెలెలాండ్ ప్రాంతంలో వేలమందిని చంపిన సైనిక దళం ఆయనది, స్మిత్‌ది కాదు. కానీ ఆయన వాడిన పనిముట్లు చూడండి. తెల్లవాళ్ల పాలనలో సభల్ని, నిరసనల్ని అణచడానికి 1960లో తెచ్చిన లా అండ్ ఆర్డర్ చట్టం 2002 దాకా అమల్లోనే ఉంది. 1965లో విధించిన ఎమర్జెన్సీని కొత్త ప్రభుత్వం 1990 దాకా పొడిగిస్తూ పోయింది. స్మిత్‌కు గూఢచారి సంస్థ నడిపిన కెన్ ఫ్లవర్‌నే ముగాబే కూడా అదే కుర్చీలో కొనసాగించాడు.

స్మిత్ మాత్రం 1987 వరకు ముగాబే పార్లమెంటులోనే, తెల్లవాళ్లకు కేటాయించిన సీటులో కూర్చుని ప్రభుత్వాన్ని విమర్శించాడు. తాను అధికారంలో ఉండగా ముగాబేకు ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు.