ధర చెప్పడానికి నాలుగు పేరాలెందుకు?

బంగారం ధర చూద్దామని ఉదయాన్నే ఫోను తెరిచిన మనిషికి కావలసింది ఒక్క అంకె. శీర్షిక 'ఈరోజు తులం ఎంతంటే?' అని ఊరిస్తుంది. లోపలికి వెళ్తే మొదటి పేరాలో పసిడిపై మన వాళ్లకున్న మక్కువ, రెండో పేరాలో పెళ్లిళ్ల సీజన్, మూడో పేరాలో అంతర్జాతీయ మార్కెట్ల ఒడుదొడుకులు. ధర నాలుగో పేరాలో, రెండు ప్రకటనల నడుమ కనిపిస్తుంది. రాయడం చేతకాక ఇలా రాస్తున్నారని నేననుకోను. పాఠకుడు పేజీలో ఎంతసేపు నిలిస్తే అంత ఆదాయం అన్న లెక్కే దీనికి మూలం. ఆ లెక్క తప్పు.

ఊరించే శీర్షికలు ఫేస్‌బుక్‌ను ముంచెత్తుతున్న రోజుల్లో, 2014 ఆగస్టులో, వాటి వ్యాప్తిని తగ్గిస్తామని ఆ సంస్థ ప్రకటించింది. తమ సర్వేలో 80 శాతం సందర్భాల్లో జనం మొగ్గు చూపింది, కథనం మొత్తం చదవాలో వద్దో తేల్చుకోవడానికి సాయపడే శీర్షికలకేనని చెప్పింది. లింకు నొక్కినవారు అక్కడే ఉండి చదువుతున్నారా, వెంటనే వెనక్కి వచ్చేస్తున్నారా అన్నది లెక్కలోకి తీసుకుంటామంది. నొక్కించడం వేరు, చదివించడం వేరు.

చదివించే రాత ఎలా ఉంటుందో 1997లోనే జాన్ మోర్క్స్, జేకబ్ నీల్సన్ అనే వెబ్ వాడుక పరిశోధకులు పరీక్షించి చూశారు. వారు గమనించినవారిలో 79 శాతం మంది కొత్త పేజీని పైపైన చూసుకుంటూ పోయారు. ప్రతి మాటా చదివినవారు 16 శాతమే. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్ర పర్యాటక విశేషాల పేజీనే రకరకాలుగా రాసి చూపించారు. మాటలను దాదాపు సగానికి తగ్గిస్తే పేజీని వాడుకోవడంలో సౌలభ్యం 58 శాతం పెరిగింది. పొగడ్తలు తీసేసి ఉన్న విషయం చెప్పినంత మాత్రాన 27 శాతం పెరిగింది. ఈ రెండింటికీ తోడు సమాచారాన్ని కంటికి ఆనేలా విడదీసి అమర్చితే 124 శాతం. అతిశయోక్తిని జల్లెడ పట్టుకోవడానికే చదివేవారి బుర్ర సగం ఖర్చవుతుంది. మన ప్లాట్ల వెంచర్ల వెబ్‌సైట్లు తెరిచి చూడండి. 'ఆహ్లాదకరమైన వాతావరణం', 'అందరికీ అందుబాటు ధరలు' మొదట్లోనే ఉంటాయి. గజం ఎంత, స్థిరాస్తి నియంత్రణ సంస్థ 'రెరా' ఇచ్చిన నమోదు సంఖ్య ఎంత అన్నవి వెతుక్కోవాలి. అప్పు చేసి స్థలం కొనే మనిషికి ముందు కావలసినవి అవే కదా!

వార్తాపత్రిక నుంచి మోసుకొచ్చిన అలవాట్లు కొన్ని మనల్ని ఇంకా వదలలేదు. ఈ నమూనా వాక్యం చూడండి: 'ప్రభుత్వం ప్రతిష్ఠాత్మకంగా అమలు చేస్తున్న పథకం కింద స్వయం ఉపాధి పొందగోరు అర్హులైన యువతీ యువకులు తమ దరఖాస్తులను ఈ నెల 20లోగా ఆన్‌లైన్‌లో సమర్పించవలసినదిగా తెలియజేయడమైనది.' ఫోను తెర మీద ఇది ఆరేడు వరుసలు. తెలుగులో క్రియ చివర వస్తుంది, దాని ముందు ఎన్ని విశేషణాలైనా పేర్చవచ్చు. ఆ వెసులుబాటే ఇక్కడ పాఠకుడి మీద బరువైంది. ఇంత చదివినా అర్హులెవరో తేలలేదు. అన్నిటికంటే ప్రమాదం 'ఈ నెల' అన్న మాటది. పత్రిక మర్నాటికి పాతబడుతుంది, వెబ్ పేజీ ఏళ్ల తరబడి గూగుల్‌లో దొరుకుతూనే ఉంటుంది. ఏడాది తర్వాత చదివినవారు గడువు ఇంకా ఉందనుకుని పత్రాల కోసం కార్యాలయాల చుట్టూ తిరుగుతారు. 'దరఖాస్తుకు చివరి తేదీ 2025 జూన్ 20. పదో తరగతి పాసై, 18 నుంచి 35 ఏళ్ల మధ్య ఉన్నవారు అర్హులు' అని రాస్తే చూడగానే విషయం తెలుస్తుంది. 'నేడు', 'రేపు', 'వచ్చే వారం' అన్న ప్రతిచోటా తేదీ, నెల, సంవత్సరం ఉండాలి.

ఆ వాక్యం కింద సాధారణంగా 'ఇక్కడ క్లిక్ చేయండి' అని ఉంటుంది. చూపులేనివారు, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో, కావాలంటే పేజీలోని లింకులను మాత్రమే విడిగా వరుసగా వినవచ్చు. పది లింకులూ 'ఇక్కడ క్లిక్ చేయండి' అంటే వారికి ఏం తెలుస్తుంది? లింకు ఎక్కడికి తీసుకెళ్తుందో తెలిసేలా ఉండాలని 2008 నాటి అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలే చెప్పాయి. ఆ మూడు మాటలు తీసేసి 'దరఖాస్తు ఫారం డౌన్‌లోడ్' అని రాయడానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు.