కెనడా యూరప్‌లో చేరితే మొరాకోకు ఏం చెప్తారు?

కెనడాను అమెరికా 51వ రాష్ట్రం చేస్తానని డొనాల్డ్ ట్రంప్ పదేపదే అంటుంటే, కెనడా జనానికి అట్లాంటిక్ అవతలి ఒడ్డు దగ్గరగా కనిపించడం మొదలైంది. 2025 ఫిబ్రవరిలో అబాకస్ డేటా సంస్థ సర్వే చేస్తే, యూరోపియన్ యూనియన్‌లో చేరాలన్నవాళ్లు 44 శాతం, వద్దన్నవాళ్లు 34 శాతం తేలారు. మరుసటి నెలలో ప్రధాని పదవి చేపట్టిన మార్క్ కార్నీ తొలి విదేశీ పర్యటనకు పారిస్ వెళ్లారు. యూరప్ బయట ఉన్న దేశాల్లోకెల్లా ఎక్కువ యూరోపియన్ దేశం కెనడాయే అని అక్కడ చెప్పుకొచ్చారు.

యూరోపియన్ యూనియన్ మూల ఒప్పందంలోని 49వ అధికరణం ప్రకారం సభ్యత్వానికి దరఖాస్తు చేయాలంటే అది 'యూరోపియన్ దేశం' అయి ఉండాలి. అయితే ఏది యూరోపియన్ దేశమో ఆ ఒప్పందం తేల్చలేదు. కాబట్టి సభ్య దేశాల ప్రభుత్వాలు ఏమనుకుంటే అదే. ఈ వెసులుబాటు అందరికీ ఒకేలా అందలేదన్నదే నా అభ్యంతరం.

1987లో మొరాకో రాజు రెండో హసన్ అప్పటి యూరోపియన్ కమ్యూనిటీకి దరఖాస్తు పెట్టారు. మీది యూరోపియన్ దేశం కాదని అదే ఏడాది తిప్పి పంపారు. మొరాకోకీ స్పెయిన్‌కీ మధ్య జిబ్రాల్టర్ జలసంధి ఇరుకైన చోట 14 కిలోమీటర్లే ఉంటుంది. అంతెందుకు, మొరాకో నేలను ఆనుకుని ఆఫ్రికా గడ్డ మీదే ఉన్న సియూటా, మెలిల్లా నగరాలు స్పెయిన్‌వి కాబట్టి ఈరోజుకీ యూనియన్‌లో భాగమే. అటువైపు సైప్రస్ చూడండి. అట్లాసుల్లో ఆసియా కింద చూపించే ద్వీపం, సిరియా, లెబనాన్‌లకు కూతవేటు దూరం. 2004లో దాన్ని చేర్చుకునేటప్పుడు ఖండం పేరు చెప్పి ఎవరూ ఆపలేదు. గ్రీకు భాష, క్రైస్తవ వారసత్వం ఉన్నచోట భూగోళం అడ్డు రాలేదని మొరాకో వాళ్లు అనుకుంటే తప్పుపట్టలేం.

అసలు యూరోపియన్ యూనియన్ ఎప్పుడో ఖండం దాటేసింది. మడగాస్కర్‌కు తూర్పున హిందూ మహాసముద్రంలో ఉన్న రీయూనియన్ ద్వీపం ఫ్రాన్స్‌లో ఒక జిల్లా లాంటిది. 19వ శతాబ్దంలో మన యానాం నుంచి తెలుగు కూలీలను చెరకు తోటల పనికి ఓడల్లో తీసుకెళ్లింది అక్కడికే. 2002 జనవరి 1న యూరో నోట్లు చలామణిలోకి వచ్చినప్పుడు, టైమ్ జోన్ ముందుండటం వల్ల తొలి అధికారిక కొనుగోలు ఆ ద్వీపంలోనే జరిగింది. కొన్నది కిలో లిచీ పళ్లు. 1957 నాటి రోమ్ ఒప్పందంలో అల్జీరియా ప్రస్తావన కూడా ఉంది, అప్పటికది ఫ్రాన్స్ చేతిలో ఉంది మరి. ఆఫ్రికా నేల ఒక యూరప్ దేశం కింద ఉంటే లోపలికి రావచ్చు. స్వతంత్ర దేశంగా వచ్చి తలుపు తడితే మాత్రం కుదరదు. ఈ తేడాను నేను సమర్థించలేను.

ఇక కెనడా సంగతి. 27 దేశాలూ ఒప్పుకుంటే, అవసరమైతే ఒప్పందాన్ని సవరించుకుని మరీ, చేర్చుకోవచ్చు. చట్టం కన్నా పెద్ద చిక్కు వ్యాపారంలో ఉంది. సభ్య దేశాలన్నిటికీ బయటి సరుకుల మీద ఒకటే సుంకం, ఒకటే వాణిజ్య విధానం. కెనడా ఎగుమతుల్లో దాదాపు నాలుగింట మూడొంతులు అమెరికాకే వెళ్తాయి. యూనియన్‌లో చేరిన రోజున అమెరికాతో సొంతంగా బేరమాడుకునే హక్కు కెనడా రాజధాని ఒట్టావాకు పోతుంది. దాదాపు 8,900 కిలోమీటర్ల సరిహద్దు యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్ నియమాల కిందికి వస్తుంది. కారు విడిభాగాలు ఒకే బండి తయారయ్యేలోపు కెనడాలోని ఒంటారియోకీ అమెరికాలోని మిషిగన్‌కీ మధ్య పలుమార్లు సరిహద్దు దాటే చోట ఇది మామూలు టెన్షన్ కాదు. కోటాలతో, 200 శాతం దాటిన సుంకాలతో కాపాడుకుంటున్న పాడి పరిశ్రమను కూడా వదులుకోవాలి. క్యుబెక్ రైతులు దీనికి ఒప్పుకుంటారని నేను అనుకోను. హార్మోన్లు వాడిన పశు మాంసాన్ని యూరప్ నిషేధిస్తే కెనడా దాని మీద ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లి పోరాడింది.

అందుకే కెనడా సభ్యత్వం కోసం వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రక్షణ, పరిశోధన, వాణిజ్యం విషయాల్లో వేర్వేరు ఒప్పందాలు చేసుకునే దారి దానికి తెరిచే ఉంది. 2025 జూన్‌లో యూనియన్‌తో భద్రతా భాగస్వామ్యం కుదుర్చుకుంది కూడా. ఒకవేళ భాష, సంస్కృతి, ప్రజాస్వామ్యం పేరుతో తలుపు తీస్తే, మొరాకోకు 1987లో చెప్పిన కారణం ఆ రోజుతో చెల్లదు. అప్పుడు ప్రజాస్వామ్యం, హక్కులు, ఆర్థిక స్థితి లాంటి కొలతలతోనే మొరాకో రాజధాని రబాత్‌ను కూడా తూచాలి. ఆ పరీక్షలో మొరాకో ఈరోజు నెగ్గకపోవచ్చు. కానీ ఆ దేశానికి దక్కాల్సింది ఆ జవాబే, ఖండం పేరుతో చెప్పేది కాదు.

ఇంత దూరం రాకముందే ఒక చిన్న పరీక్ష నడుస్తోంది. కెనడాతో వాణిజ్య ఒప్పందం 2017 నుంచి తాత్కాలికంగానే అమలవుతోంది, అన్ని దేశాల ఆమోదం ఇంకా దక్కలేదు. 2024 మార్చిలో ఫ్రాన్స్ సెనేట్ దాన్ని తిరస్కరించింది. అంతకుముందే, 2020లో, హలూమి జున్ను పేరుకు తగిన రక్షణ లేదంటూ కాదని ఓటేసిన పార్లమెంటు సైప్రస్‌ది.