ఆకు మందుకూ మోతాదు ఉంటుంది: నొప్పుల మెసేజ్‌కి నా జవాబు

"మోకాళ్ల నొప్పి, నడుం నొప్పి, ఏదైనా సరే టాబ్లెట్లు అవతల పారేయండి. ఆకులు, వేర్లు వాడితే ఏడు రోజుల్లో మూలంతో సహా పోతుంది. ప్రకృతి మందు కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. పసుపు క్యాప్సూల్స్ ఎన్ని మింగినా ఏమీ కాదు. ఈ సంగతి మందుల కంపెనీలు మీకు తెలియనివ్వవు." కాస్త అటూ ఇటూగా ఇదే మెసేజ్ ఫోన్లలో తిరుగుతోంది. మూలికల మీద నాకు చిన్నచూపు లేదు, గౌరవం ఉంది. అందుకే ఈ మెసేజ్‌కి జవాబు చెప్పాలనిపించింది.

ముందుగా సైడ్ ఎఫెక్ట్స్ మాట. ఇందులో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే.

మొక్క నొప్పి ఎందుకు తగ్గిస్తుంది? దానిలో శరీరం మీద పనిచేసే రసాయనం ఉంది కాబట్టి. విల్లో చెట్టు బెరడులో సాలిసిన్ ఉంటుంది. అది ఒంట్లోకి వెళ్లి సాలిసిలిక్ ఆమ్లంగా మారుతుంది. ఆస్పిరిన్ కూడా ఈ కుటుంబానిదే. అందువల్ల ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో అల్సర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ లాంటి మందు వేసుకునేవాళ్లు ఈ బెరడు జోలికీ పోకూడదు. చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అని మన కడుపు చూడదు.

వత్సనాభి సంగతి చూడండి. దాని దుంపను నొప్పులకు ఎంతోకాలంగా వాడుతున్నారు. అందులోని అకోనిటైన్ నరాల్లో సోడియం వెళ్లే దారులను మూసుకోనివ్వదు. మొదట తిమ్మిరి పుట్టి నొప్పి తెలియకుండా పోతుంది. గుండెలోనూ అలాంటి దారులే ఉన్నాయి. మోతాదు కొంచెం మించితే గుండె లయ తప్పి మనిషి చనిపోవచ్చు, అందుకు కొన్ని మిల్లీగ్రాముల అకోనిటైన్ చాలు. ఈ విషయం పాతకాలం వైద్యులకు బాగా తెలుసు. ఆయుర్వేదం ఈ దుంపను విషాల్లోనే లెక్కగట్టి, శోధన చేయకుండా వాడొద్దంది. దుంపను గోమూత్రంలో నానబెట్టడం, పాలలో ఉడకబెట్టడం లాంటివి ఆ శోధనలో భాగం. ఉడికినప్పుడు అకోనిటైన్ విరిగి, విషం బాగా తక్కువగా ఉండే పదార్థాలుగా మారుతుందని నేటి రసాయనశాస్త్రమూ చెబుతోంది. ఎంత ఇవ్వాలి, ఎలా శుద్ధి చేయాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నవన్నీ ఆ విద్యలో ఉన్నాయి. మెసేజ్ రాసినవాళ్లు అదంతా కోసేసి మొక్క పేరు మాత్రం మిగిల్చారు. సంప్రదాయం పేరు చెప్పి సంప్రదాయాన్నే అవమానించడం కదా ఇది?

పైపూతే కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. జిల్లేడు పాలు కంట్లో పడితే కంటి ముందుండే పారదర్శకమైన పొర (కార్నియా) వాచి చూపు మసకబారుతుంది. ఇక ఉమ్మెత్త పొరపాటున కడుపులోకి వెళితే నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, మనిషి మతి తప్పి మాట్లాడతాడు.

మొక్కను సరిగ్గా గుర్తుపట్టడం ఇంకో పెద్ద చిక్కు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మూలికల మందులో ఒక చైనా మొక్కకు బదులు, పేరు దగ్గరగా ఉండటంతో అరిస్టలోకియా జాతి మొక్క కలిసింది. వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. మన ఈశ్వరి, గాడిదగడపాకు కూడా ఆ జాతివే. బెల్జియంలో ఇచ్చిందీ ప్రకృతి మందే, కిడ్నీలు పోయిందీ దానితోనే.

ఇక కంపెనీలు దాచాయనడం. దాచడానికి ఏముంది? ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతబోధకుడు విల్లో బెరడు జ్వరాలు తగ్గిస్తోందని 1763లోనే రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. 1828లో సాలిసిన్‌ను వేరుచేశారు. 1899లో బేయర్ కంపెనీ ఆస్పిరిన్‌ను అమ్మకానికి తెచ్చింది. మార్ఫిన్ వచ్చింది గసగసాల మొక్క నుంచే. మిరపకాయ మంటకు కారణమైన క్యాప్సైసిన్ నరాల మీద ఏ గ్రాహకాన్ని (సంకేతం అందుకునే ప్రోటీన్‌ను) తాకుతుందో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ క్యాప్సైసిన్‌తో చేసిన క్రీములు, ప్యాచ్‌లు డాక్టర్లే రాస్తున్నారు.

పసుపు గురించి కొంచెం. అందులోని కర్కుమిన్ ఒంటికి పట్టడం చాలా తక్కువ. అందుకని కొన్ని క్యాప్సూల్స్‌లో మిరియాల నుంచి తీసిన పైపెరిన్ కలుపుతారు. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో దీనితో మనుషుల్లో కర్కుమిన్ దాదాపు 20 రెట్లు ఎక్కువగా రక్తంలో చేరింది. అలా ఎక్కువ చేరేలా చేసిన క్యాప్సూల్స్ వాడినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు ఇటలీ, ఆస్ట్రేలియా, అమెరికాల్లో నమోదయ్యాయి. వంటలో వేసే పసుపుకూ ఈ క్యాప్సూల్‌కూ పోలిక లేదు.

చివరిది, ఏడు రోజుల్లో మూలంతో సహా పోవడం. నడుం నొప్పికి రోజుకు 120 నుంచి 240 మిల్లీగ్రాముల సాలిసిన్ ఉండేలా విల్లో బెరడు ఇచ్చి చూసిన పరీక్షల్లో కొన్ని వారాల పాటు ఉపశమనం కనిపించింది. ఇది మంచి సంగతే, ఒప్పుకుంటాను. అయితే ఉపశమనం వేరు, కీళ్లలో ఎముకల చివర ఉండే నున్నటి పొర, అంటే మృదులాస్థి, అరిగాక తిరిగి రావడం వేరు. రెండోది ఏ ఆకూ చేసినట్టు రుజువు లేదు. పైగా కొత్తగా పట్టిన నడుం నొప్పి చాలామందికి కొద్ది వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. ఆ వారాల్లో ఏది వాడితే పేరు దానికే వస్తుంది.

ఏళ్లనాటి కీళ్ల నొప్పి మూలికల మాత్రతో రెండు రోజుల్లో మాయమైతే మాత్రం సంతోషించకండి, అనుమానించండి. కీళ్ల నొప్పులకని అమ్మిన ఒక సప్లిమెంట్‌లో లేబుల్ మీద లేని డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ ఉన్నాయని 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మొదటిది మామూలు నొప్పి మాత్రల్లో ఉండేదే, రెండోది స్టెరాయిడ్. ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం, విపరీతంగా ఆకలి వేయడం స్టెరాయిడ్ లక్షణాలు. అలాంటి మాత్ర వారాల తరబడి వాడి ఉంటే భయపడి ఒక్కసారిగా ఆపేయకండి. ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను సహజంగా తయారుచేసే అడ్రినల్ గ్రంథులు అప్పటికి తమ పని మానేసి ఉండొచ్చు. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావొచ్చు. డబ్బాతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఎన్నాళ్లుగా వాడుతున్నారో చెప్పండి. ఎలా తగ్గించాలో వాళ్లు చూస్తారు.