టైల్స్ అతికిస్తే స్విమ్మింగ్ పూల్ అయిపోయినట్టేనా?

తవ్వకం, కాంక్రీటు చకచకా అయిపోతాయి. ఫినిషింగ్ దగ్గరికొచ్చేసరికి కాంట్రాక్టర్ మాయం! 90 శాతం డబ్బు అప్పటికే చేతులు మారాక ఇంకెందుకొస్తాడు?

వాటర్‌ప్రూఫింగ్ ఆరాక, టైల్స్ వేయకముందే నీళ్లు నింపి కనీసం 7 రోజులు చూడాలి. "ఏం కాదు సార్, మన పని గ్యారంటీ" అంటాడు. రేపు కారితే టైల్స్ పగలగొట్టేది ఎవరి ఖర్చుతో? అడిగితే ప్లంబర్‌ని చూపిస్తాడు. ప్లంబరేమో మేస్త్రీని చూపిస్తాడు. పైపులు పూడ్చకముందే లోపల ఒత్తిడి పెంచి లీకుందేమో చూసే ప్రెషర్ టెస్ట్ పెట్టి, ఒత్తిడి చూపే గేజ్ ఫొటో తీసుంటే ఈ గొడవ సగం ఉండదు కదా!

టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ సంగతి మరీ అన్యాయం. కొటేషన్‌లో ఎపాక్సీ అనే గట్టి రెసిన్, సందుల్లో వైట్ సిమెంట్! క్లోరిన్ నీళ్లకి, యాసిడ్ కడుగుడికి అదెన్నాళ్లు ఆగుతుంది? గోటితో గీకితే పొడి రాలుతుంది. నాణెంతో టైల్ మీద కొడితే డొల్ల చప్పుడు, అడుగున జిగురు నాలుగు మూలలా నాలుగు ముద్దలే మరి. చుట్టూ గచ్చు వాలేమో పూల్ వైపే. వానొస్తే తోటలో బురదంతా లోపలికే.

అంచు టైల్ వరస లెవెల్ తప్పిందయ్యా అంటే, "నీళ్లు పోసేస్తే కనపడదు సార్" అట. పోశాకే కదా కనపడేది!