ఓడెక్కిన తోతాపురి: ఓడిందెవరు?

చిత్తూరు చుట్టుపక్కల కాసే తోతాపురి మామిడిలో ఎక్కువ భాగం బజారుకు రాదు, నేరుగా గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది. ఆ గుజ్జు డ్రమ్ముల్లో సౌదీకి, యెమెన్‌కు, నెదర్లాండ్స్‌కు ఓడెక్కుతుంది. ప్రపంచీకరణ వల్ల దేశానికి లాభమా నష్టమా అన్న పాత తగాదాను ఈ కాయ చుట్టూ పెడితే మాటలు కొంచెం నేలమీద నడుస్తాయని ఈ వాదోపవాదం. ఒకవైపు ఎగుమతి కాగితాల పని తెలిసిన కుర్రాడు, ఇంకోవైపు తోట లెక్కలు తెలిసిన పెద్దాయన. చోటు చిత్తూరులో ఒక హాలు. కాలం జూన్ చివర, బయట ట్రాక్టర్లు బారులు తీరే రోజులు.

ఓడ పక్షం: అన్నా, ముందు ఒక డ్రమ్ము లెక్క చెప్తాను, తర్వాత మీరు తిట్టండి. డ్రమ్ముకు 215 కిలోల గుజ్జు. ఇరవై అడుగుల కంటైనర్‌లో 80 డ్రమ్ములు, అంటే 17.2 టన్నులు. రెండు కిలోల కాయకు కిలో గుజ్జు అనుకుంటే ఒక్క కంటైనర్ వెనక 34 టన్నుల కాయ, ఐదు టన్నుల లెక్కన ఏడు ట్రాక్టర్లు. ఇదంతా మనమే ఉప్పూకారం చల్లుకుని తినగలమా? బయటి గిరాకీ లేకపోతే ఇన్ని ఎకరాల్లో ఈ రకాన్ని ఎవరూ నాటేవాళ్లే కాదు. బంగినపల్లి ముందు దీనికి వాసనా లేదు, తీపీ లేదు. గుజ్జు దండిగా వస్తుంది, అంతే.

తోట పక్షం: నాటినామయ్యా, కాదనలే. వేరుశనక్కాయైతే ఈ ఏడు గిట్టకుంటే వచ్చే ఏడు మార్చుకోవచ్చు. మామిడి చెట్టు నలభై ఏండ్లు నిలబడే సరుకు. ఓడ మాట నమ్మి నాటినోడు, ఓడ రాని ఏడు చెట్టును ఏం చెయ్యాల? 2024లో కాపు తక్కువ, ఫ్యాక్టరీలోళ్లు పోటీపడి ఎక్కువ ధరకు కొన్నారు. ఆ గుజ్జు అమ్ముడుపోక గోడౌన్లలోనే ఉండిపోయింది. 2025లో కాపు దండిగా వచ్చింది, కొనేవాడు వెనక్కి పోయినాడు. ఫ్యాక్టరీ కిలోకు 8 ఇయ్యాల, ప్రభుత్వం 4 కలిపి 12 చేస్తాదని చెప్పినారు. ఆ 8 కూడా చేతికి రాలేదని రైతులు రోడ్డెక్కినారు కదా.

ఓడ పక్షం: అది ఎవరో కుట్రపన్ని చేసింది కాదన్నా. 2023 నవంబర్ నుంచి ఎర్రసముద్రంలో ఓడలమీద దాడులు మొదలయ్యాయి. యూరప్ పోయే ఓడలు ఆఫ్రికా కొన చుట్టి పోవాల్సి వచ్చింది, ప్రయాణం పది పదిహేను రోజులు పెరిగింది, బాడుగా పెరిగింది. కొనేవాడేమో మనల్ని ఒక్కళ్లనే అడగడు. తమిళనాడు కృష్ణగిరివాళ్లని, మెక్సికోవాళ్లని కూడా ధర అడుగుతాడు. కాయమీద ఒక్క రూపాయి పెరిగితే డ్రమ్ముమీద 430, కంటైనర్‌మీద 34,400 రూపాయలు పెరుగుతుంది. ఆ తేడాకే ఆర్డరు చేజారిపోతుంది.

తోట పక్షం: ఎర్రసముద్రంలో తుపాకీ పేలితే బంగారుపాళ్యంలో కాయ ధర పడతాదని నువ్వే చెప్తా ఉండావు. నా వాదన నీ నోటే వచ్చింది.

(హాల్లో నవ్వులు. కుర్రాడు కూడా నవ్వాడు. ఆ తర్వాత పెద్దాయన వేళ్లు మడుస్తూ లెక్క మొదలుపెట్టాడు. ఈ వాదంలో గట్టి భాగం ఇదే.)

తోట పక్షం: కోతకూలి, మోతకూలి, ట్రాక్టరు బాడుగ కలిపి కిలోకు మూడు రూపాయలనుకుందాం. ఎనిమిదిలో మిగిలేది ఐదు. దున్నకం, ఎరువు, తేనెమంచు పురుగు మందు, అన్నీ ఆ ఐదులోనే. ట్రాక్టరు గేటు ముందర రెండు దినాలు నిలబడితే బాడుగ రెండింతలు. టార్పాలిన్ కింద కాయ వేడెక్కి అడుగు వరస మెత్తబడతాది. దాన్ని ర్యాంపులో, అదే కాయ తూచి కొనే చోట, డ్యామేజీ కింద తూకంలో కోస్తారు. ఆలస్యం వాళ్లది, కోత నాకు! చెట్టుమీదే ఉంచుదామంటే పండీగ కుడతాది, గాలొస్తే రాలిపోతాది. కాయ పక్వానికి వచ్చినాక నాకుండే గడువు పది దినాలు. నీ డ్రమ్ముకు ఎంత గడువు?

ఓడ పక్షం: చల్లని గది కూడా అక్కర్లేకుండా దాదాపు రెండేళ్లు. ఎందుకంటే దానిలో అంత పని ఉంది. పచ్చికాయను ఇథిలీన్‌తో నాలుగైదు రోజులు మాగబెట్టాలి, కార్బైడ్ నిషేధం. కడిగి, కుళ్లినవి ఏరి, టెంక తీసి, జల్లెడ పట్టి, గుజ్జును బాగా వేడిచేసి వెంటనే చల్లార్చి, ముందే శుద్ధి చేసిన సంచిలో గాలి సోకకుండా నింపాలి. తోతాపురి గుజ్జుకు తీపి, బ్రిక్స్ అనే కొలతలో, 14 రావాలి. లేతకాయ కలిస్తే 11, 12 దగ్గర ఆగిపోతుంది, పులుపు ఎక్కువవుతుంది, లాటు లాటే వెనక్కి వస్తుంది. వేడిలో తేడా వస్తే సంచి ఉబ్బుతుంది. ఈ పనులు వేలమందికి కూలి. అదీ ఉద్యోగమే కదా.

తోట పక్షం: ఉద్యోగమే. జూన్‌లో మొదలై ఆగస్టులో అయిపోయే ఉద్యోగం. మిగతా తొమ్మిది నెలలు ఆ ఆడోళ్లు యాడికి పోవాల? సరే, దాన్ని పక్కనపెడతా. నేను పట్టుకునేది ఆ గడువు తేడానే. పది దినాల సరుకుండేవాడు, రెండేండ్ల సరుకుండేవాడితో బేరం ఆడితే ఎవరు గెలుస్తారో చెప్పేదానికి అర్థశాస్త్రం చదవాల్నా?

ఓడ పక్షం: ఆ రెండేళ్లూ బ్యాంకు వడ్డీ నడుస్తుందన్నా, ఫ్యాక్టరీ ఊరికే కూర్చోదు. ఇంకో మాట. బయటి మార్కెట్ మనకు డబ్బొక్కటే ఇవ్వలేదు, క్రమశిక్షణ నేర్పింది. 2020లో యూరప్ క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు అవశేషానికి హద్దును కిలోకు 0.01 మిల్లీగ్రాముకు దించింది. కంటైనర్ మొత్తం గుజ్జులో 172 మిల్లీగ్రాములు దాటకూడదన్నమాట, చిటికెడు కూడా కాదు. ఆ భయంతోనే కదా మందు ఎప్పుడు ఆపాలో రాసిపెట్టుకోవడం మొదలైంది! అది మన పిల్లలు తాగే రసానికీ మంచిదే.

తోట పక్షం: మంచిదే. కానీ ఆ పరీక్ష ఖర్చు, వెనక్కొచ్చిన లాటు నష్టం చివరికి కాయ ధరలోంచే కోస్తారు. పట్టు సంగతి గుర్తుందా? 2011 బడ్జెట్‌లో ముడి పట్టు దిగుమతి సుంకం 30 నుంచి 5 శాతానికి దించినారు. పలమనేరు, కుప్పంలో మల్బరీ వేసినోళ్ల పట్టుగూళ్ల ధర కిందికి వచ్చేసింది. 2013లో మళ్లా 15 చేసినారు. ఈ మధ్యలో మల్బరీ పీకేసినోడికి ఆ 15 ఏం తెచ్చిచ్చింది?

ఓడ పక్షం: ఆ కథకు రెండో సగం ఉందన్నా. మదనపల్లె పక్క నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరల మగ్గాల దగ్గర అడగండి. పడుగుకు చైనా పట్టు దారం తెగకుండా నిలబడేది, మన నాటు దారం పోగు పోగుకూ తెగేది. దిగుమతి ఆపితే నేతగాడు ఏడుస్తాడు, తెరిస్తే గూళ్లవాడు ఏడుస్తాడు. ఇద్దరూ మన పక్క ఊళ్లవాళ్లే. దేశం గెలిచింది, దేశం ఓడిందని ఒక్క ముక్కలో ఎలా చెప్తాం?

తోట పక్షం: ఇది మాత్రం ఒప్పుకుంటా. నా తమ్ముడి అంగట్లో అమ్మేది చైనా దారం, నేను పెంచేది పట్టుపురుగు అన్నట్టుంది.

ఓడ పక్షం: మరి శ్రీసిటీ పారిశ్రామికవాడ చూడండి. తడ పక్కన, మన సత్యవేడు దారిలో. ఇసుజు వచ్చింది, డైకిన్ వచ్చింది, బ్లూస్టార్ వచ్చింది. 2025 మేలో ఎల్‌జీ శంకుస్థాపన చేసింది. బయటి పెట్టుబడి రాకపోతే తెల్లారకముందే పల్లెల నుంచి షిఫ్టు బస్సులు ఎక్కే ఆడపిల్లలకు ఆ జీతం ఎవరిచ్చేవాళ్లు?

తోట పక్షం: ఏసీ ఫ్యాక్టరీలు ఎందుకు వచ్చినాయో చెప్పు. 2020 అక్టోబర్‌లో గ్యాసు నింపిన ఏసీల దిగుమతిని ఢిల్లీ ఆపేసింది. మరుసటి ఏడు ఇక్కడ చేసేవాళ్లకు ప్రోత్సాహక పథకం పెట్టింది. ఫోన్లమీద సుంకం 2018లో 20 శాతం చేసినారు, 2024లో 15కు దించినారు. తలుపు సగం మూస్తేనే వాళ్లు లోపలికొచ్చి ఫ్యాక్టరీ కట్టినారు. బార్లా తెరిచిపెట్టుంటే పెట్టెలు చెన్నై రేవులో దిగి షోరూముకు పోయుండేవి.

ఓడ పక్షం: సగం మూయడానికి నేనూ ఒప్పుకుంటాను. పూర్తిగా మూస్తే కంప్రెసర్ ఎక్కడిది, సర్క్యూట్ బోర్డు ఎక్కడిది? లోపలి భాగాల్లో చాలా వరకు ఇప్పటికీ ఓడమీదే వస్తున్నాయి. ఇంకా ఒకటుంది, మూయడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతాం? 2025 జూన్‌లో కర్ణాటక తోతాపురి మన జిల్లాలోకి రాకుండా ఆపారు. అక్కడి ముఖ్యమంత్రి ఇక్కడి ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. కర్ణాటకలోని శ్రీనివాసపురం రైతు విదేశీయుడా?

(పెద్దాయన వెంటనే జవాబు చెప్పలేదు. తువ్వాలు భుజం మార్చుకున్నాడు.)

తోట పక్షం: కాదు. వాడి కాయొస్తే మా వరస ఇంకో రెండు మైళ్లు పెరుగుతాది, అదొక్కటే. అది వాడి తప్పు కాదు, తీసుకునే నోరు చిన్నది. ఆ నోరు పెంచే దారి సౌదీలోనే లేదు, ఇక్కడా ఉండాది. మామిడి డ్రింకు అని అమ్మే సీసాలో పండ్లరసం కనీసం 10 శాతం ఉంటే చాలని మన ఆహార నిబంధన. మిగతాది నీళ్లు, చక్కెర. ఆ పదిని పదిహేను చేస్తే అదే సీసాకు గుజ్జు ఒకటిన్నర రెట్లు పడతాది. దానికి ఓడ అక్కర్లే.

ఓడ పక్షం: అది బలమైన మాట. సీసా ధర రూపాయో రెండో పెరిగితే పిల్లలు వేరే రంగునీళ్లు కొంటారేమో అన్న భయం కంపెనీలకు ఉంటుంది. అయినా నేను అడ్డుచెప్పను. ఎగుమతి, ఇంటి గిరాకీ రెండూ ఉంటేనే ఫ్యాక్టరీ నిలబడుతుంది.

తోట పక్షం: అయితే ఒక్కటి అడుగుతా. మే నెలలో, మొదటి కోతకు ముందరే, ఫ్యాక్టరీ ధర రాసి బోర్డు పెట్టగలదా? ఏ గ్రేడుకు ఎంత, ఎన్ని దినాల్లో డబ్బు, గేటు దగ్గర 24 గంటలు దాటితే బాడుగ ఎవరిది?

ఓడ పక్షం: కష్టం. మే నాటికి మాకు ఆర్డర్లన్నీ ఖరారు కావు. కొన్ని ఆగస్టు దాకా తేలవు. డాలర్ కదులుతుంది, బాడుగ కదులుతుంది. ఆర్డరున్న మేరకు, సగం సరుకుకైనా రాయొచ్చు. మిగతా సగానికి కనీస ధర పెట్టి, పైన వచ్చేది తర్వాత పంచుకోవచ్చు. వడ్డీ ఎవరు భరించాలన్నది మాత్రం తేల్చుకోవాలి.

తోట పక్షం: (జేబులోంచి ర్యాంపు చీటీ తీసి) ఇదిగో. బండి నంబరు రాసినారు. తూకం రాసినారు, 4,860 కిలోలు. డ్యామేజీ 140, అదీ రాసినారు. ధర అనే గడి చూడు తమ్ముడూ, ఖాళీ. వడ్డీ సంగతి తర్వాత, ముందు ఈ గడిలో నీ సగం సరుకు ధర రాయి.

ఓడ పక్షం: పెన్ను ఇవ్వండన్నా. రాసే అధికారం నాది కాదు గానీ, ఎంతని రాయమంటారో చెప్పండి.

తోట పక్షం: అదిగో, బేరం మళ్లా నా దగ్గరికే వచ్చింది.