పుట్టినరోజు ఎవరిదో చెప్పొద్దా?

మా ఆఫీసులో ఈసారీ సెమీ క్రిస్మస్, అంటే పండక్కి ముందే జరిపే వేడుక, చేశారు. చెట్టు, శాంటా టోపీలు, ప్లమ్ కేకు, గిఫ్టులు అన్నీ ఉన్నాయి. యేసు పేరు మాత్రం ఎక్కడా లేదు. యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ పెడదామంటే "మతం ఎందుకండీ, పండగ మూడ్ చాలు కదా" అన్నారు. మనసు చివుక్కుమంది. ఆ శాంటా వెనక ఉన్న నికొలస్ కూడా నాలుగో శతాబ్దపు బిషప్పే కదా! వినాయకుడు లేకుండా చవితి పందిరి వేస్తామా?

అలాగని గొడవ నాకిష్టం లేదు. మా క్రైస్తవుల్లో కొందరు ఇలాంటి చోట గొంతు పెంచి, కేకు ముట్టకుండా వెళ్ళిపోతారు. అదీ బాధే. యేసు పుట్టే వేళ సత్రంలో చోటు లేదన్నప్పుడు మరియ భర్త యోసేపు తగాదా పడ్డాడని లూకా సువార్తలో ఎక్కడా లేదు.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి చూడండి. క్రిస్మస్ నాడు అన్ని మతాలవాళ్ళూ వస్తారు. అక్కడ ఎవరి పుట్టుకో దాచరు, ఎవరినీ దూరం పెట్టరు. నేను అడిగేదీ అంతే: ఒక క్యారల్ (క్రిస్మస్ పాట), ఐదు నిమిషాల సందేశం. ఇష్టం లేనివాళ్ళు ఆ కాసేపు టీకి వెళ్ళిరావచ్చు, నాకేం కోపం రాదు. హెచ్‌ఆర్ వాళ్ళకి ఇదే మాట మర్యాదగా మెయిల్ పెట్టాను. జవాబు ఇంకా రాలేదు.