కలిసి ఉన్న జంటనే విడదీసే వీసా

భార్యాభర్తలిద్దరూ విదేశంలో ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నారు. ఒకరికి అమెరికా పౌరసత్వమో, బ్రిటన్ పౌరసత్వమో ఉంది. ఇంకొకరికి లేదు. నాలుగైదేళ్లు గడిచాక పిల్లల చదువు కోసమో, పెద్దవాళ్లను చూసుకోవడానికో ఆ దేశానికి వెళ్లిపోదాం అనుకుంటారు. పెళ్లి నిజం, పిల్లలున్నారు, ఇద్దరికీ మంచి జీతాలు. స్పౌజ్ వీసాకి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కాగితాలు నింపడం మొదలుపెట్టాక గానీ తెలియదు, ఈ నిబంధనలు రాసినవాళ్ల మనసులో ఇలాంటి జంట లేనే లేదని.

వాళ్లు ఊహించుకున్న జంట వేరు. పౌరసత్వం ఉన్న మనిషి స్వదేశంలో ఉద్యోగం చేసుకుంటూ ఉంటారు. భార్యో, భర్తో ఇంకో దేశంలో వీసా కోసం ఎదురుచూస్తుంటారు. వీసా అధికారి ప్రధానంగా తేల్చుకోవాల్సినవి రెండు: ఈ పెళ్లి నిజమైనదేనా, వచ్చాక వీళ్లను పోషించే దిక్కు ఉందా. దూరంగా ఉన్న జంటకు మొదటిది నిరూపించడం కష్టం, రెండోది తేలిక. విదేశంలో కలిసి ఉంటున్నవాళ్లకు ఇది పూర్తిగా తలకిందులవుతుంది. ఉమ్మడి అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఉన్నాక పెళ్లిని ఎవరు శంకిస్తారు? ఇబ్బందల్లా పౌరసత్వం ఉన్న మనిషి కూడా ఆ దేశంలో లేకపోవడమే. కాపురానికి సాక్ష్యంగా నిలిచిన విదేశీ నివాసమే స్తోమత దగ్గరికి వచ్చేసరికి అడ్డం తిరుగుతుంది.

అమెరికా సంగతే చూద్దాం. పౌరుల భార్యకు గానీ భర్తకు గానీ ఏడాదికి ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. భాగస్వామిని తీసుకురావడానికి ఐ-130 అనే పిటిషన్ వేయొచ్చు, అది ఆమోదం పొందాక ఫైలు వీసా కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్‌కి, అక్కడి నుంచి కాన్సులేట్‌కి వెళుతుంది. ఇంతవరకూ విదేశంలో ఉన్నా పెద్దగా తేడా పడదు. (గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాళ్ల కథ వేరు. వాళ్ల భాగస్వాములకు కోటా, క్యూ ఉంటాయి. పైగా విదేశంలో కాపురం పెడితే వాళ్ల గ్రీన్‌కార్డుకే ముప్పు.) చిక్కు వచ్చేది ఐ-864 దగ్గర. ఇది భాగస్వామి ప్రభుత్వానికి భారం కాకుండా చూసుకుంటానని పౌరుడు రాసిచ్చే పోషణ హామీ పత్రం. దాని మీద సంతకం పెట్టే మనిషికి అమెరికాలో స్థిరనివాసం, అంటే డొమిసైల్, ఉండి తీరాలి.

విదేశంలో ఉన్నవాళ్లకు చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. తాత్కాలికంగానే బయటికి వచ్చామని చూపించవచ్చు. లేదంటే, భాగస్వామి అమెరికాలో అడుగుపెట్టే రోజుకల్లా తామూ అక్కడ మళ్లీ స్థిరపడతామని చూపించవచ్చు. అంటే చట్టం ప్రకారం ఇద్దరూ ఒకే విమానంలో దిగినా తప్పు లేదు. కానీ ఇంకా వెళ్లని చోట స్థిరపడబోతున్నామని ఎలా నిరూపించాలి? బ్యాంకు ఖాతా, ఉద్యోగ ప్రయత్నాల ఉత్తరాలు, ఇంటి కోసం రాసుకున్న అద్దె కాగితం, పిల్లల స్కూలు అడ్మిషన్, ఓటరు నమోదు, ఇలా ఏది దొరికితే అది పెడతారు. ఇవి ఉంటే చాలు అన్న ఖాయమైన జాబితా ఏదీ లేదు. అధికారికి నమ్మకం కుదరాలి, అంతే. కుదరకపోతే ఏమవుతుంది? పౌరసత్వం ఉన్నవారు ముందు ఒంటరిగా వెళ్లి, ఇల్లు, ఉద్యోగం చూసుకుని, ఆ కాగితాలు పంపించాలి. అప్పటిదాకా ఇంకొకరు పిల్లలతో వెనకే ఉండిపోవాలి. భార్యాభర్తలను కలపడానికి పెట్టిన వీసా, కలిసి ఉన్నవాళ్లను కొన్ని నెలలు విడదీసి గానీ చేతికి రాదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. అమెరికాలో ఉన్న అన్నయ్యో, స్నేహితుడో జాయింట్ స్పాన్సర్‌గా, అంటే అదనపు హామీదారుగా, సంతకం పెడితే అంతా సర్దుకుంటుందని ధైర్యంగా ఉంటారు. ఆ సంతకం డబ్బు లోటును పూడుస్తుంది, డొమిసైల్ లోటును పూడ్చదు. అసలు పిటిషనర్‌కి స్థిరనివాసం లేదని తేలితే ఎంత సంపన్నుడు పక్కన నిలబడినా ఫైలు కదలదు.

డబ్బు లెక్క నిజానికి మరీ భయపెట్టేది కాదు. పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపిస్తే చాలు, 2025 లెక్కలో ఇద్దరి కుటుంబానికి అది ఏడాదికి 26,437 డాలర్లు. విదేశంలో ఉన్న జంట దీనికి ఐదు రెట్లు సంపాదిస్తూ ఉండొచ్చు. కానీ ఆ ఉద్యోగం వదిలేసే కదా వెళ్లేది! వెళ్లాక కూడా అదే సంస్థ జీతం కొనసాగిస్తేనే అది లెక్కకొస్తుంది, లేకపోతే సున్నా. అప్పుడు ఆస్తులు చూపించాలి. పౌరుల భాగస్వామి విషయంలో లోటుకు మూడు రెట్లు, అంటే ఆదాయం అసలు లేదనుకుంటే 79 వేల డాలర్ల పైచిలుకు. ఇందులో ఒక మంచి విషయం, వీసా కోరుతున్న వ్యక్తి సొంత పొదుపు, ఏడాదిలోపు డబ్బుగా మార్చుకోగల ఆస్తి కూడా ఈ లెక్కలోకి వస్తాయి. అన్నట్టు, ఈ హామీ విడాకులైనా రద్దు కాదు. సంతకం పెట్టేముందు జాయింట్ స్పాన్సర్‌కి ఈ మాట చెప్పడం ధర్మం.

డొమిసైల్ నిబంధన అర్థం లేనిదని నేను అనను. ఆ హామీ చట్టపరమైన ఒప్పందం, దాన్ని అమలు చేయాలంటే ఇచ్చిన మనిషి చేతికి అందే చోట ఉండాలి. ఆ ఉద్దేశం న్యాయమైనదే. నా అభ్యంతరం రుజువు అడిగే పద్ధతి మీద. ఇద్దరూ ఒకే రోజు దిగొచ్చని చట్టమే చెబుతున్నప్పుడు, ఏ కాగితాలు చూపిస్తే చాలో ముందే రాసిపెట్టవచ్చు. ఒక అధికారికి చాలిన కాగితం ఇంకొకరికి చాలకపోతే జంటలు ఏ ధైర్యంతో ఉద్యోగానికి రాజీనామా ఇస్తాయి?

బ్రిటన్ ఇంకా కఠినం. అక్కడ కనీస ఆదాయ నిబంధన 2012 జులైలో 18,600 పౌండ్లతో మొదలైంది. 2024 ఏప్రిల్‌లో దాన్ని ఒక్కసారిగా 29,000 పౌండ్లకు పెంచారు. విదేశం నుంచి తిరిగొచ్చే బ్రిటిష్ పౌరుడు జీతం దారిలో వెళితే రెండు గడపలు దాటాలి. విదేశంలో ఇప్పుడు ఆ స్థాయి సంపాదన ఉండాలి, తిరిగొచ్చిన మూడు నెలల్లో మొదలయ్యే, అంతే జీతమున్న ఉద్యోగం ఖాయమై ఉండాలి. ఎక్కడో ఉండి, రాబోయే తేదీ కచ్చితంగా చెప్పలేని మనిషికి ముందే ఉద్యోగం ఖాయం చేసే యజమానులు ఎందరుంటారు? దీనికి తోడు, బయటి నుంచి దరఖాస్తు పెట్టేటప్పుడు విదేశీ భాగస్వామి జీతాన్ని లెక్కలోకి తీసుకోరు. భర్త బ్రిటిష్ పౌరుడై, పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో ఉండి, ఇల్లు నడిపేది డాక్టరైన భార్య అనుకుందాం. ఆ నిబంధన కంట్లో ఆ కుటుంబం ఆదాయం సున్నా. మిగిలిన దారి పొదుపు. కేవలం దాని మీదే ఆధారపడితే 88,500 పౌండ్లు ఆరు నెలలపాటు చేతిలో ఉండాలి.

ఈ నిబంధనపై వేసిన కేసు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017 ఫిబ్రవరిలో కోర్టు ఆదాయ పరిమితిని కొట్టేయలేదు గానీ, పిల్లల మేలును, ఇతర ఆదాయ మార్గాలను తగినంతగా పట్టించుకోలేదని తప్పుపట్టింది. ఆ తర్వాత అసాధారణ పరిస్థితుల్లో వేరే ఆదాయాన్నీ చూసే వీలు కల్పించారు. అయితే అది మినహాయింపు మాత్రమే, హక్కు కాదు.

ఒకప్పుడు బ్రిటన్‌కే ఇంకో దారి ఉండేది. సురీందర్ సింగ్ అనే భారతీయుడు బ్రిటిష్ పౌరురాలైన భార్యతో కలిసి జర్మనీలో కొన్నేళ్లు పనిచేసి, ఆమెతో బ్రిటన్‌కు తిరిగొచ్చాడు. ఆ కేసులో 1992లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పిన తర్కం నాకు ఇప్పటికీ గట్టిగానే కనిపిస్తుంది. ఐరోపా కూటమిలోని వేరే సభ్యదేశానికి వెళ్లి పనిచేసే హక్కు పౌరులకు ఉన్నప్పుడు, తిరిగొచ్చేసరికి జీవిత భాగస్వామికి చోటు లేదంటే అసలు వెళ్లడానికే జంకుతారు, కాబట్టి కుటుంబంతో తిరిగొచ్చే హక్కు కూడా వాళ్లకు ఉండాలి. చాలా జంటలు ఈ తీర్పు ఆధారంగానే బ్రిటన్ చేరాయి. బ్రెగ్జిట్ తర్వాత ఆ దారి మూసేశారు. దారి మూసుకుపోయినా ఆ తర్కానికి మాత్రం ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. పౌరులు బయటికి వెళ్లి నాలుగు డబ్బులు, నాలుగు నైపుణ్యాలు సంపాదించుకు రావాలని ప్రభుత్వాలు కోరుకుంటాయి. అక్కడే పెళ్లి చేసుకుంటే మాత్రం తిరుగు ప్రయాణం కష్టం చేస్తాయి.

ఇలాగే ఉండక తప్పదా అంటే, కెనడా అలా లేదు. విదేశంలో ఉన్న కెనడా పౌరుడు భార్యను గానీ భర్తను గానీ స్పాన్సర్ చేయొచ్చు. భాగస్వామికి పీఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి, వచ్చాక కెనడాలో ఉండే ఉద్దేశం ఉందని చూపించాలి. పీఆర్ మాత్రమే ఉన్నవాళ్లకు విదేశం నుంచి ఈ అవకాశం లేదు. భాగస్వామి స్పాన్సర్‌షిప్‌కి మామూలుగా కనీస ఆదాయ పరిమితి కూడా లేదు, మూడేళ్లు పోషించే బాధ్యత తీసుకుంటే చాలు. విదేశంలో వేసిన దరఖాస్తును తిరస్కరిస్తే స్పాన్సర్ ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లొచ్చు.

ఈ అప్పీలు సంగతి చిన్నదేం కాదు. అమెరికాలో కాన్సులేట్ వద్దంటే కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవు. భర్తకు ఎల్ సాల్వడార్‌లోని కాన్సులేట్ వీసా నిరాకరించడంతో మునోజ్ అనే అమెరికా పౌరురాలు ఏళ్ల తరబడి పోరాడింది. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో, విదేశీ భాగస్వామిని దేశంలోకి రానివ్వాలని కోరే ప్రాథమిక హక్కు పౌరులకు లేదని తేల్చేసింది. అంటే విదేశంలో ఇల్లు ఖాళీ చేసి, ఉద్యోగం మానేసి ఇంటర్వ్యూకి వెళ్లిన జంట భవిష్యత్తు ఎక్కువగా ఒక కౌంటర్ దగ్గర తేలిపోతుంది.

విదేశంలోని జంటలకు ఒకప్పుడు అమెరికా కూడా కాస్త దయ చూపింది. వాళ్లున్న దేశంలోనే ఇమిగ్రేషన్ శాఖ కార్యాలయంలోనో, కాన్సులేట్‌లోనో పిటిషన్ వేస్తే పని త్వరగా అయిపోయేది. 2019లో ఆ కార్యాలయాల్లో చాలావాటిని మూసేస్తున్నట్టు ప్రకటించారు. 2020 ఫిబ్రవరి నుంచి కాన్సులేట్‌లో పిటిషన్ తీసుకోవడం అసాధారణ పరిస్థితులకే పరిమితమైంది. వైద్యపరమైన అత్యవసరం, ప్రాణభయం లాంటివి ఆ కోవలోకి వస్తాయి. చాలామందికి తెలియని కారణం ఒకటి అందులోనే ఉంది: విదేశంలో పనిచేస్తున్న పౌరుడికి తక్కువ గడువులో అమెరికాలో ఉద్యోగం గానీ బదిలీ గానీ రావడం. కంపెనీ బదిలీ మీద వెళ్లేవాళ్లు మామూలు పిటిషన్ వేసే ముందు కాన్సులేట్‌కి ఒక మెయిల్ పెట్టి అడగాలి. కుదరదంటే పోయేదేమీ లేదు, కుదిరితే నెలలు కలిసొస్తాయి.

ఇక తేదీల లెక్క. నేరచరిత్ర గురించి పోలీసులిచ్చే సర్టిఫికెట్ ఇప్పుడున్న దేశానిది ఒక్కటే సరిపోదు. అమెరికా వీసా కోరేవాళ్లు 16 ఏళ్లు దాటాక ఏడాది, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి దేశం నుంచీ తేవాలి. మూడు నాలుగు దేశాలు తిరిగినవాళ్లకు అసలు టెన్షన్ ఇదే కాబట్టి ముందుగా మొదలుపెట్టాల్సిందీ ఇదే. వీసా చేతికొచ్చాక దాని గడువు సాధారణంగా ఆరు నెలలకు మించదు, వైద్య పరీక్ష గడువును బట్టి ఇంకా తగ్గొచ్చు. పెళ్లై రెండేళ్లు నిండకముందు అమెరికాలో దిగితే షరతులతో కూడిన రెండేళ్ల గ్రీన్‌కార్డు ఇస్తారు. అది ముగిసేముందు 90 రోజుల్లో షరతులు తీసేయమని మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు. రెండో పెళ్లిరోజుకి కొద్ది వారాలే మిగిలుంటే ప్రయాణం ఆ తర్వాతికి జరుపుకుని, విమానాశ్రయంలో అధికారికి ఆ మాట చెబితే పదేళ్ల కార్డు వస్తుంది.

తొందరపడి పిటిషన్ ముందే వేసేయడమూ మంచిది కాదు. ఎందుకైనా మంచిదని గ్రీన్‌కార్డు తీసుకుని, మళ్లీ విదేశీ ఉద్యోగానికి వెళ్లిపోదాం అనుకునేవాళ్లున్నారు. కెనడాలో అయితే పౌరుడైన భాగస్వామితో కలిసి బయట గడిపిన రోజులు పీఆర్ నిలబెట్టుకోవడానికి కావాల్సిన 730 రోజుల లెక్కలో కలుస్తాయి. అమెరికాలో అలాంటి సౌకర్యం మామూలు జంటలకు లేదు. ఏడాది దాటి బయట ఉంటే ఆ కార్డు తిరిగి రావడానికి పనికిరాదు. ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ఇచ్చే రీఎంట్రీ పర్మిట్ కావాలంటే అమెరికాలో ఉండగానే దరఖాస్తు పెట్టాలి. అందుకే వెళ్లే సంవత్సరం దాదాపు ఖాయం కానివాళ్లను ఆగమనే అంటాను. ఆగినా ఒక పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి. అమెరికా పౌరులు ఎక్కడ సంపాదించినా, నిర్ణీత స్థాయి ఆదాయం దాటితే అక్కడ ట్యాక్స్ రిటర్న్ వేయాల్సిందే, చివరికి కట్టాల్సిన పన్ను సున్నా అయినా సరే. ఐ-864తో పాటు తాజా రిటర్న్ అడుగుతారు. ఏళ్లుగా వేయనివాళ్లు, అది కావాలని చేసింది కాకపోతే, మూడేళ్ల రిటర్న్‌లు, ఆరేళ్ల విదేశీ బ్యాంకు ఖాతాల వివరాలు ఇచ్చి సరిచేసుకునే పద్ధతి పన్ను శాఖలో ఉంది. దానికి పట్టే నెలలు వీసా ఫైలు మొదలయ్యాక దొరకవు.